నాలుగు వేళ్ళ ఖాళీ

కెజయా రిక్స్‌కు రాజుగారి మీద ప్రత్యేకించి కోపం లేదు. నేతగాళ్ళకు ఓటు రావాలా వద్దా అన్న విషయంలో గట్టి అభిప్రాయమూ లేదు. ఆమెకు ఉన్నదల్లా ఒక చెక్క అచ్చుయంత్రం, పదకొండు పెట్టెల సీసపు అక్షరాలు, నారిచ్ ఊళ్ళో సంత వెనక సందులో ఒక కొట్టు. వాటి కోసం మొగుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అందుకని ఆమె లెక్కలో వాటి ధర వాటి బరువును బట్టి ఉండేది కాదు.

మొగుడు ఆమోస్ రిక్స్ ‘మగ్గం’ అనే వారపత్రిక వేసేవాడు. ఎనిమిది పేజీలు, ఒక పెన్నీ. పన్నులు ఎవరు కడుతున్నారు, పార్లమెంటులో ఎవరు కూర్చుంటున్నారు, ఫ్రాన్సుతో ఈ యుద్ధం ఎవరి కోసం అని నిలదీసే పత్రిక. రెండేళ్ళ కిందట ఒక శనివారం, మంచి కోటు వేసుకున్న మనిషి ఒకడు కొట్టుకు వచ్చి, ఆమోస్ చేతి నుంచే ఒక కాపీ కొన్నాడు. గుమ్మం దాటగానే ఆగి, జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం మూల మీద తన పేరూ ఆనాటి తేదీ రాసుకున్నాడు. చూడు, మన పత్రికను ఎంత భద్రంగా దాచుకుంటున్నాడో అని ఆమోస్ మురిసిపోయాడు. తరవాత కోర్టులో జడ్జి ముందు పెట్టింది ఆ కాపీనే. గుర్తు పెట్టిన కాగితం చేతిలో ఉంటే ప్రమాణం చెయ్యడం తేలిక. ఇదే కాగితం, ఈ రోజే, ఈ మనిషి చేతి నుంచే. రాజద్రోహపు రాతలని ఆమోస్‌కు ఏడాదిన్నర జైలు పడింది. పదో నెలలో కోట జైల్లో జ్వరం తగిలి పోయాడు.

గుర్తు పెట్టినవాడు జోనస్ అట్టింగ్ దగ్గర గుమాస్తా. అట్టింగ్ కొట్టు సందుకు అవతలి పక్కనే. ఒకే గురువు దగ్గర అతనూ ఆమోసూ ఏడేళ్ళు పని నేర్చుకున్నారు, ఒకే అటక మీద పడుకున్నారు. ఇప్పుడు అట్టింగ్ రాజభక్త సంఘంలో పెద్ద, ‘విధేయుడు’ అనే వార్తాపత్రికకు యజమాని. ఆమోస్‌ను తీసుకెళ్ళిన వారానికి వచ్చి, నీ అక్షరాలు సీసం ధరకు కొంటాను, యంత్రం కట్టెల ధరకు కొంటాను అన్నాడు. ఖననం అయిన మర్నాడు వచ్చి మళ్ళీ అదే మాట అన్నాడు. రెండోసారి ధర ఇంకా తగ్గించాడు.

కెజయా అమ్మలేదు. పురపాలక సంఘం వాళ్ళు తమ నోటీసులు అట్టింగ్‌కు ఇచ్చేశారు, చర్చి వాళ్ళు అంతకు ముందే మానేశారు. చిల్లర చీటీల పని తప్పిస్తే, ఇక ఆమె గుమ్మం తొక్కేది నేతగాళ్ళే. ప్రతి శనివారం వాళ్ళు పెన్నీ చేత్తో పట్టుకుని వస్తారు కాబట్టి ‘మగ్గం’ ఆగలేదు. నమ్మకంతో నడిపే పత్రిక కాదది, వచ్చిపోయే జనాన్ని బట్టి నడిచే పత్రిక అని ఆమె ఎవరు అడిగినా చెప్పేది.

అయితే ఆ పెన్నీ ధర నిలబడాలంటే ఒక నియమం తప్పకూడదు. వార్త ఉన్న ప్రతి కాగితం మీదా రెండు పెన్నీల సర్కారు స్టాంపు పడాలి. వార్త లేకుండా వట్టి వాదన, వ్యాసం, ప్రశ్న ఉంటే స్టాంపు అక్కర్లేదు. అందుకని ‘మగ్గం’లో వార్త అనేది ఒక్క ముక్క ఉండదు. యుద్ధం తప్పు అని రాయొచ్చు, ఫలానా చోట ఓడిపోయాం అని రాయకూడదు. రొట్టె ప్రియమైంది అని ఏడవొచ్చు, ఇవాళ ఎంత అయింది అని చెప్పకూడదు. స్టాంపు లేని కాగితం మీద వార్త కనబడితే ఒక్కో కాపీకి పడే జరిమానా నేతగాడి ఆరు నెలల కూలి. నాలుగైదు కాపీలకు పడితే చాలు, యంత్రం వేలానికి వస్తుంది. వేలంలో దాన్ని పాడగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

ఆ అక్టోబరులో రొట్టె గురించి తప్ప ఊళ్ళో మరో మాట లేదు. పంట పోయింది. బార్లీ పిండిలో బఠాణీ పిండి కలిపి ముద్దలు ఉడకేసుకుంటున్నారు. శుక్రవారం మధ్యాహ్నం ‘మగ్గం’ ఆఖరి పేజీ బండ మీద సిద్ధంగా ఉండగా, కెజయా దాన్ని తలకిందులుగానే గడగడా చదివేసింది. సీసపు అక్షరాలు అలాగే చదవాలి, ఆమెకు అది ఇరవై ఏళ్ళ అలవాటు. చదివి ఒక పేరా దగ్గర వేలు పెట్టింది. ఇది తీసెయ్, అంది.

రాసినాయన పక్కనే ఉన్నాడు. సైలస్ థర్కెటిల్, ఒకప్పుడు చిన్న ప్రార్థన మందిరంలో బోధకుడు. ప్రసంగాల్లో ఫ్రాన్సు గురించి మాట్లాడాడని భక్తులే వెళ్ళగొట్టారు. ‘మగ్గం’లో సగానికి పైగా ఆయన రాతే. ఆకలికి కిరీటం జవాబు చెప్పకపోతే కిరీటాన్నే తలమీంచి దించి అడగాలి అన్నది ఆ పేరా సారాంశం. మొత్తం వ్యాసానికి అదే ప్రాణమని ఆయన వాదించాడు. ఆమె అక్షరాలు కూర్చే కంపోజిటరు వైపు చూసింది. కంపోజిటరు ఒబడయా లార్టర్, అరవై ఎనిమిదేళ్ళవాడు, చిమటా తీసుకుని ఆరు లైన్లూ ఎత్తి పక్కన పెట్టాడు.

“మీ ఆయన అయితే వేసేవాడు” అన్నాడు థర్కెటిల్.

“వేశాడు. అందుకే ఇవాళ మీరు ఆయనతో కాకుండా నాతో పోట్లాడుతున్నారు.”

“మీకు మనిషి ఆకలి కనిపించదు మిసెస్ రిక్స్. పెన్నీలు కనిపిస్తాయి.”

“కనిపిస్తాయి. మీ రాతకు నెలకు నేనిచ్చేది ఆ పెన్నీల్లోంచే. తీసుకునేటప్పుడు మీరు ఎప్పుడూ మొహం తిప్పుకోలేదు.”

ఆయన టోపీ నెత్తిన కొట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు అంత గట్టిగా వెయ్యడం ఆయనకు అది మొదటిసారి కాదు, చెక్కకు చీలిక కూడా ఉంది. కెజయా అచ్చుకు ముందు కాగితం తడపడం ఎంతవరకు వచ్చిందో చూడటానికి వెనక్కి పోయింది. తన పని తాను సరిగ్గా చేశాననే అనుకుంది. ఆరు లైన్లు తీస్తే అక్కడ నాలుగు వేళ్ళ ఖాళీ మిగులుతుందని, ఆ ఖాళీని లార్టర్ ఏం చేస్తాడని ఆమె అడగలేదు.

శనివారం పొద్దున తొమ్మిది కొట్టక ముందే పత్రిక సగం అయిపోయింది. మామూలుగా సంత ముగిసే దాకా నిదానంగా పోయే సరుకు. నేతగాళ్ళు ఒక్కొక్కరూ రెండేసి అడుగుతున్నారు, పక్క వీధి ఆడవాళ్ళు కూడా వస్తున్నారు. థర్కెటిల్ రాత అంత బాగుందా అని కెజయాకు అనుమానం వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. సరుకు కారణం లేకుండా పోటెత్తి అమ్ముడుపోతుంటే సంతోషపడకూడదు, ముందు కారణం వెతకాలి.

కారణం డోరిస్ లబ్బక్ అనే నూలు వడికే ఆవిడ నోటి నుంచి వచ్చింది. “రిక్సమ్మా, ఎన్నాళ్ళకు పనికొచ్చే ముక్క వేశావు. ఇదిగో, ఇది చూపించి ఆ పిండి కొట్టువాడి గడ్డం పట్టుకుంటా. సంతలో ఈ ధర పలికితే నాకు అంత ఎలా చెబుతాడు?”

కెజయా ఆవిడ చేతిలో కాగితం లాక్కుని ఆఖరి పేజీ చూసింది. అడుగున, నిన్న ఆరు లైన్లు తీసిన చోట, చక్కగా రెండు సన్నగీతల మధ్య ఉంది. బుధవారం నారిచ్ సంతలో గోధుమలు బస్తా ఇంత, పిండి ఇంత, బార్లీ ఇంత. కిందటి బుధవారం కంటే ఇంత ఎక్కువ.

ఆమె మిగిలిన కాపీలన్నీ బల్ల మీంచి తీసేసి లోపల పెట్టింది. జనం గొణిగారు. అప్పటికే ఏడు వందలు పోయాయి. నేతగాళ్ళ చేతుల్లోకి పోయినవాటితో భయం లేదు, వాళ్ళు స్టాంపు ఆఫీసు మొహం చూసేవాళ్ళు కారు. మిగతావి ఎవరి చేతుల్లోకి పోయాయన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఒంటిగంటకు తానే నడిచి వచ్చింది. జోనస్ అట్టింగ్ కోటు మీద రాజభక్త సంఘం నీలి రిబ్బను పెట్టుకుని, చంకలో ఆరు కాపీలు పెట్టుకుని, ఆమోస్‌ను తీసుకెళ్ళాక కొట్టులోకి మూడోసారి వచ్చాడు. కాపీలు బల్ల మీద పరిచాడు. ఆరింటి మూలల మీదా పెన్సిలుతో పేరు, తేదీ, ఎన్ని గంటలకు కొన్నదీ ఉన్నాయి. తన వంటమనిషిని పంపి కొనిపించాడట. పొద్దున బల్ల దగ్గర ఉన్న లార్టరే ఆవిడ చేతికి ఇచ్చాడట. అన్నీ వివరంగా, పెళ్ళి కబురు చెబుతున్నట్టు చెప్పాడు.

“నేను ఇంకా ఎవరికీ చూపించలేదు రిక్సమ్మా. స్టాంపు ఆఫీసు సోమవారం గాని తెరవరు. నువ్వు ఆడదానివి, దిక్కులేనిదానివి. నా మనసు ఒప్పుకోవడం లేదు.”

“మీ మనసుకు ఏం కావాలో చెప్పండి అట్టింగ్ గారూ. అది కూడా సోమవారం దాకా ఆగదు కదా.”

అతనికి కావలసింది కొత్తదేమీ కాదు. యంత్రం, అక్షరాలు, ఆమె మళ్ళీ ఈ ఊళ్ళో అచ్చుపని చెయ్యనని ఒక కాగితం. ధర ఈసారి చెప్పను కూడా చెప్పలేదు, అంతా నీ మంచికే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఒప్పుకుంటే ఆరూ పొయ్యిలో వేస్తాడు. లేకపోతే ఆరు కాపీల జరిమానాకు యంత్రం ఎలాగూ వేలానికి వస్తుంది, అద్దె కట్టలేక కొట్టు కూడా పోతుంది. చీకటి పడేలోగా కబురు చెయ్యమని వెళ్ళిపోయాడు. వెళ్తూ అచ్చుయంత్రం పిడి మీద చెయ్యి వేసి ఒకసారి లాగి చూశాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడి చెయ్యి అది.

అతను వెళ్ళాక కెజయా లార్టర్‌ను పిలిచింది. అరవలేదు. ఆమె అరవకపోతేనే లార్టర్‌కు ఎక్కువ భయం.

ముసలాయన దాచలేదు. నిన్న ఆరు లైన్లు తీశాక పేజీ అడుగున ఖాళీ మిగిలింది. ఖాళీ మిగిల్చిన పేజీని యాభై రెండేళ్ళలో తాను ఒక్కసారి కూడా బయటికి పంపలేదు. పక్కనే బండ మీద బుధవారం రైతుల కోసం వేసిన, స్టాంపు అక్కర్లేని సంత ధరల చీటీ తాలూకు అక్షరాలు, విప్పకుండా, కట్టిన తాడుతో సహా ఉన్నాయి. కొలిస్తే సరిగ్గా సరిపోయాయి. ఎత్తి పెట్టాడు. అంతే.

“ముందు పళ్ళు ఊడినవాడి నోరులా ఉంది అమ్మగారూ ఆ పేజీ. చూస్తూ ఊరుకోలేకపోయాను.”

“ఆ పళ్ళ సెట్టు నా మెడకు ఉరి అయింది. అందులో ఏముందో చదవలేదా?”

“కొలిచాను. చదవలేదు.”

అది నిజమేనని ఆమెకు తెలుసు. ఇది వాళ్ళ వృత్తిలోనే జరిగే తప్పు. అక్షరాలు కూర్చేవాడికి ఖాళీ కనబడితే చాలు, చేతికి అందిన ముక్క తీసి కూరుతాడు. మంచి కంపోజిటరు అయినకొద్దీ చెయ్యి ఆగదు. చెత్త పనివాడైతే ఖాళీ వదిలేసేవాడు, ఇవాళ ఆమె నిశ్చింతగా ఉండేది. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు లార్టర్ మీద మరింత ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా కొట్టులో ఉన్న మనిషి కాకపోయి ఉంటే, మరో కారణం లేకపోయి ఉంటే, అప్పుడే గుమ్మం బయటికి నెట్టేది.

ఆ మరో కారణం ఇది.

అట్టింగ్ పత్రిక ‘విధేయుడు’ స్టాంపు పడిన పత్రిక. అమ్ముడుపోని కాపీలను కట్టకట్టి స్టాంపు ఆఫీసుకు తిరిగి ఇస్తే, ఇవి కొట్టు దాటలేదు, ఎవరూ చదవలేదు అని ప్రమాణం చేస్తే, కట్టిన స్టాంపు పన్ను వెనక్కి ఇస్తారు. పత్రికలను గంటకింతని అద్దెకు తిప్పడం చట్టం ప్రకారం నేరం. అట్టింగ్ రెండూ కలిపి చేసేవాడు. శనివారం మధ్యాహ్నం మిగిలిన కాపీలను ‘మూడు కదుళ్ళు’ సారాకొట్టుకు అద్దెకు పంపేవాడు. సోమవారం పొద్దున అవి తిరిగి వచ్చేవి. ఇస్త్రీ చేసినట్టు బరువు కింద పెట్టి, చదును చేసి, నెలాఖరున ప్రమాణంతో సహా స్టాంపు ఆఫీసుకు ఇచ్చేసేవాడు. ఒకే కాగితం మీద సారాకొట్టు దగ్గరా తీసుకునేవాడు, రాజుగారి దగ్గరా తీసుకునేవాడు.

లార్టర్ ప్రతి ఆదివారం ఆ సారాకొట్టులో కూర్చుని, అర పెన్నీ అద్దె ఇచ్చి ‘విధేయుడు’ చదివేవాడు. అచ్చులో తప్పులు వెతకడం అతని సరదా. ఒకసారి మాటల్లో ఆ సంగతి చెప్పాడు. చెప్పిన మరుసటి ఆదివారం కెజయా అతని చేతికి పెన్సిలు ఇచ్చింది. కాగితం మూల మీద రాయొద్దు, మధ్య మడతలోపల, కుట్టు వచ్చే చోట రాయమంది. పేరు, తేదీ, సారాకొట్టు పేరు. అట్టింగ్ కాగితాలు మూలలు పట్టి లెక్కపెట్టేవాడు, విప్పి చూసేవాడు కాదు. అలా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు కాపీలకు గుర్తు పడింది. నాలుగూ అట్టింగ్ చేతుల మీదుగా, అట్టింగ్ ప్రమాణం మీద స్టాంపు ఆఫీసు గదిలోకి చేరి భద్రంగా ఉన్నాయి. అయిదో కాపీని లార్టర్ పొయ్యిలో పడిపోయిందని సారాకొట్టావిడకు చెప్పి, ధర కట్టి, చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. అది కెజయా పరుపు కింద ఉంది.

సర్కారును మోసం చెయ్యడం, తప్పుడు ప్రమాణం చెయ్యడం. అదీ రాజభక్త సంఘం పెద్ద. వసంతంలో పెద్ద కోర్టు కూర్చునేటప్పుడు, ఊరంతా చూస్తుండగా, ఆమోస్ నిలబడిన చోటే అట్టింగ్‌ను నిలబెట్టాలని ఆమె పెట్టుకున్న ముహూర్తం. జూన్ నుంచీ ఆమె పొద్దున లేచి పొయ్యి అంటించడానికి కారణం యంత్రం ఒకటే కాదు, ఇదీ ఉంది.

ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. సోమవారం తాను కూడా స్టాంపు ఆఫీసుకు వెళ్ళి అంతా చెబితే అట్టింగ్ మునుగుతాడు. అతనితో పాటు తానూ మునుగుతుంది, ఆరు కాపీల నేరం అలాగే ఉంటుంది కాబట్టి. ఇద్దరి కొట్లూ మూతపడతాయి. ఆమోస్ పగ తీరుతుంది, ఆమోస్ యంత్రం ఉండదు. లేదా ఆ పగను ఇవాళే, ఈ సందులోనే, సగం ధరకు మార్చుకుని యంత్రం నిలబెట్టుకోవాలి. అప్పుడు అట్టింగ్ ఎప్పటిలాగే నీలి రిబ్బను పెట్టుకుని చర్చికి పోతాడు. వసంతం వస్తుంది, కోర్టు కూర్చుంటుంది, అక్కడ అతను ఉండడు.

లేచి, ఏప్రను విప్పి, సందు దాటింది.

అట్టింగ్ కొట్టులో అన్నీ కొత్త వాసన. ఇనుప భాగాలున్న కొత్త యంత్రం. అతను ఆమెకు కుర్చీ వేయించాడు. కాగితం సిద్ధంగా ఉంది, సంతకం పెట్టడమే ఆలస్యం అన్నాడు.

ఆమె కూర్చోలేదు. “జూన్ పద్నాలుగు. జూలై పందొమ్మిది. ఆగస్టు తొమ్మిది. సెప్టెంబరు ఆరు” అంది. “ఈ నాలుగు ఆదివారాలూ మీ ‘విధేయుడు’ ‘మూడు కదుళ్ళు’లో ఉంది. మా లార్టర్ అద్దె ఇచ్చి చదివాడు. మడత లోపల పేరు రాశాడు, తేదీ రాశాడు. మీరు వాటిని కొట్టు దాటలేదని బైబిలు మీద చెయ్యి పెట్టి స్టాంపు ఆఫీసుకు అప్పజెప్పారు. కట్టలు విప్పితే కనిపిస్తాయి. పెన్సిలే, కానీ లార్టర్ గట్టిగా నొక్కి రాస్తాడు.”

అట్టింగ్ మొహంలో మొదట ఏమీ మారలేదు. తరవాత అతని కళ్ళు గోడ పక్కన బరువు కింద పెట్టిన కాగితాల దొంతర మీదికి పోయాయి. అక్కడి నుంచి వెనక్కి రావడానికి సమయం పట్టింది.

“అబద్ధం” అన్నాడు.

“అయితే సోమవారం ఇద్దరం కలిసే వెళ్దాం. దారి ఒకటే.”

“లార్టర్ కూడా అద్దె ఇచ్చాడు. వాడికీ శిక్ష పడుతుంది.”

“వాడికి అరవై ఎనిమిది. ఆస్తి ఒక గొడుగు. జప్తు చేసుకోనివ్వండి.”

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు గొంతులో ఆ పెళ్ళి కబురు లేదు. “ఆమోస్ ఇలాంటి పని చేసేవాడు కాదు. వాడు మూర్ఖుడే గాని, మనిషి వెనకాల గుర్తులు పెట్టేవాడు కాదు.”

“ఆయనకు ఆ పని రాలేదు. మీ గుమాస్తా మా గుమ్మంలో నిలబడి నేర్పాడు. నేను చూసి నేర్చుకున్నాను.”

తరవాత అతను బేరానికి దిగాడు. నాలుగు కాపీలు స్టాంపు ఆఫీసులో ఉన్నాయి, వాటిని ఆమె తిరిగి ఇవ్వలేదు. ఆమె ఇవ్వగలిగింది నోరు మూసుకోవడం ఒకటే. తాను ఆరు కాగితాలు ఇచ్చి ఒక మాట తీసుకోవాలా అని అతను పళ్ళు కొరికాడు. ఆమె మాటకు హామీ ఏమిటని అడిగాడు. నా యంత్రం నడవాలి, అంతకు మించిన హామీ మీకు ఎవరూ ఇవ్వలేరు అని ఆమె చెప్పింది. ఈ మనిషి మెడ మీద తాడు వెయ్యడానికి వసంతం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే, బేరం లేదు అన్న ఒక్క మాటకే పని అయిపోతుంది అని ఆమెకు ఆ క్షణంలో అనిపించింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగింది.

అట్టింగ్ బల్ల సొరుగు లాగి ఆరు కాపీలు తీసి విసిరాడు. ఒకటి నేల మీద పడింది. ఆమె వంగి తీసుకుంది. ఆరింటి మూలలూ ఒక్కొక్కటే చూసుకుంది, అతని ఎదుటే.

“మళ్ళీ నా గుమ్మం తొక్కకు” అన్నాడు.

“ఈ వాసన నాకూ పడదు” అని ఆమె సందులోకి దిగింది.

కాపీలు పొయ్యిలో వేస్తుండగా లార్టర్ వచ్చి నిలబడి, గొంతు సవరించుకున్నాడు. వంటమనిషి పొద్దున కొన్నది ఆరు కాదని, ఏడని చెప్పాడు. ఆవిడ చేతిలో ఏడు పెన్నీలు లెక్కపెట్టి తీసుకున్నది తానేనన్నాడు.

కెజయా ఆఖరి కాపీని మంటలోకి తోసింది. ఏడోది సొరుగులోనే ఉండి ఉంటుంది. అతను దాచుకుంటాడని ఆమె అనుకోవాల్సిందే, తాను పరుపు కింద దాచుకున్నట్టే. వెనక్కి వెళ్ళి అడగడం తేలిక. అడిగితే అతను కూడా ఇంకేమైనా ఉందా అని అడుగుతాడు. చేతిలో ఒకటుందన్న ధైర్యం ఉంటే అతను ఇక తవ్వడు. పొయ్యి తలుపు మూసేసింది.

సోమవారం థర్కెటిల్ వచ్చాడు. శనివారం ఆమె అట్టింగ్ కొట్టులోంచి బయటికి రావడం నేతగాళ్ళు చూశారట. మొగుణ్ణి చంపినవాడితో కుర్చీ వేయించుకుని బేరమాడింది అని సారాకొట్టులో అనుకుంటున్నారట. నిజమేనా అని అడిగాడు. కుర్చీలో కూర్చోలేదు, మిగతాది నిజం అని ఆమె చెప్పింది. ఆయన ఆమెను రెండు మూడు బైబిలు పేర్లతో తిట్టాడు. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక చెయ్యి చాపింది. ఆయన చంకలో ఉన్న కొత్త వ్యాసం కోసం.

ఇవ్వనన్నాడు. మీ పత్రికలో నా పేరు ఉండటం నాకు అవమానం అన్నాడు. ఊళ్ళో మీ రాత వేసే యంత్రం ఇంకోటి ఎక్కడుందో చెప్పండి, నేనే మోసుకెళ్ళి ఇచ్చి వస్తాను అని ఆమె అంది. చివరికి ఆయన వ్యాసం బల్ల మీద పడేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. చీలిక ఇంకో అంగుళం పెరిగింది.

శుక్రవారం ఆఖరి పేజీలో తొమ్మిది లైన్లు కొట్టేయాల్సి వచ్చింది. లార్టర్ చిమటాతో ఎత్తేసి, ఖాళీ వంక చూసి, చేతులు ఏం చెయ్యాలో తెలియక ఏప్రనుకు తుడుచుకున్నాడు. పూల గీత ఏదైనా పెట్టనా అని అడిగాడు.

“ఏమీ వద్దు. ఖాళీగా వదిలెయ్.”

“జనం ఏదో అచ్చు పడలేదనుకుంటారు అమ్మగారూ.”

“అనుకోనీ.”

అతను పేజీ బిగించాడు. మొహం తిప్పుకుని బిగించాడు. తరవాత కిటికీ దగ్గరికి వచ్చి, ఆదివారం సారాకొట్టుకు వెళ్ళాలా వద్దా, పెన్సిలు తీసుకెళ్ళాలా అని అడిగాడు. సందుకు అవతల అట్టింగ్ కొట్టులో దీపం వెలిగించకుండానే, పగటి వెలుతురులో, గుమాస్తా ఒక్కొక్క ‘విధేయుడు’ మడత విప్పి, లోపల చూసి, మళ్ళీ మడిచి పక్కన పెడుతున్నాడు. దొంతర నడుము ఎత్తు ఉంది. అట్టింగ్ పక్కనే నిలబడి ఉన్నాడు.

“వెళ్ళు. చదువుకో. పెన్సిలు ఇక్కడే పెట్టి వెళ్ళు” అంది కెజయా. “వాళ్ళు ఎలాగూ ప్రతి వారం వెతుకుతారు. వెతకనీ.”